పాత హోబీ 16కి పార్టులు: ఏవి చేసుకుంటా, ఏవి కొంటా

మా ఇంటి పక్క యార్డులో ఉన్న బోటు వయసులో నాకంటే పెద్దది. 1978లో తయారైన హోబీ 16. రెండు సన్నటి హల్స్ (నీళ్ళ మీద తేలే బోలు దోనెలు), వాటిని కలుపుతూ అల్యూమినియం ఫ్రేము, ఫ్రేముకి లాగి బిగించిన గుడ్డ, పైన 8 మీటర్ల మాస్ట్ అంటే తెరచాప స్తంభం, దానికి రెండు తెరచాపలు, బోటంటే ఇంతే. ఇంజను లేదు, క్యాబిన్ లేదు, కూర్చోడానికి సీటు కూడా లేదు. మన తెలుగోళ్ళలో ఎవరికైనా బోటుందని చెప్తే మొదటి ప్రశ్న "ఎంతమంది పడతారు బ్రో", రెండోది "మైలేజ్ ఎంతిస్తది". గాలికి మైలేజ్ ఏం చెప్తాం.

ఈ బోటు కథ తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. కాలిఫోర్నియాలో సర్ఫ్‌బోర్డులు చేసే హోబీ ఆల్టర్ అనే ఆయన 1968లో హోబీ 14 అని ఒక చిన్న క్యాటమరాన్, అంటే రెండు హల్స్ బోటు, తెచ్చాడు, ఇసుక మీద నుంచి ఇద్దరు తోసుకుంటూ నేరుగా అలల్లోకి దింపేసుకునేలాగ. దాని వెనకే కొంచెం పెద్దది, హోబీ 16, వచ్చింది. 5.05 మీటర్ల పొడవు, 2.41 మీటర్ల వెడల్పు, 145 కిలోల బరువు. హల్స్‌కి లోపలి వైపు ఒక వంపు, బయటి వైపు ఇంకో వంపు ఉంటుంది, దానివల్ల గాలి పక్కకి నెట్టేసినా బోటు జారిపోకుండా ఆ హల్సే ఆపుకుంటాయి, కింద విడిగా బోర్డు అక్కర్లేదు. అందుకే ఇసుక మీదకి నేరుగా ఎక్కించేయొచ్చు. లక్షకి పైగా అమ్ముడయ్యాయి, ఇప్పటికీ ఈ క్లాసులో రేసులు జరుగుతున్నాయి. కాబట్టి పార్టులు దొరకవు అని అనలేను. దొరుకుతాయి. కానీ ఇన్నేళ్ళలో కాస్టింగులు (పోతపోసిన అల్యూమినియం పార్టులు) మారాయి, చుక్కాని సెట్టింగు మారింది, ఇప్పుడొచ్చే పార్టు కొన్నిసార్లు 1978 దానికి సరిగ్గా కూర్చోదు, ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క మార్చాలంటే దాని మీదది, దాని పక్కది కూడా కొత్త మోడలువి కొనమంటారు. బొటనవేలంత ముక్క కోసం మొత్తం సెట్టు కొనడం నాకైతే మనసొప్పదు. బీటెక్ మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్లో పడ్డవాళ్ళకి ఈ బాధ తెలుస్తుంది, చెయ్యి దురద పెడుతూనే ఉంటుంది.

అయితే అన్నీ చేసేసుకోను. పార్టు చేతిలోకి తీసుకున్నాక ముందు ఒకటే అడుగుతా, ఇది నీళ్ళ మధ్యలో విరిగితే ఏమవుద్ది అని. "ఆ రోజు సెయిలింగ్ పాడవుద్ది" అంటే చేసుకుంటా. "ఒడ్డుకి రావడం కష్టమవుద్ది" అంటే చేసుకుంటా గానీ పాతది స్పేరుగా బోట్లో పెట్టుకుని వెళ్తా. "మాస్ట్ నెత్తి మీద పడుద్ది" అంటే నోరు మూసుకుని కార్డు గీకేస్తా. ధర, దొరుకుతుందా లేదా, చెయ్యడం ఎంత కష్టం, ఇవన్నీ దాని తర్వాతే. నెట్‌లో చాలామంది ధర దగ్గర మొదలుపెడతారు, నాకది తిరకాసు పద్ధతిలా అనిపిస్తుంది.

ముందు సులువైన దానితో మొదలెడదాం, చుక్కాని బుష్‌లు. ఒక్కో హల్ వెనక గోడకి పైనొకటి కిందొకటి బ్రాకెట్లుంటాయి, గడ్జన్లు అంటారు, ఇంట్లో తలుపుకి బందులెలాగో చుక్కానికి అవలాగ. వాటిలోంచి పొడవాటి పిన్ను దిగుతుంది, పిన్నుకీ మెటల్‌కీ మధ్య ప్లాస్టిక్ బుష్. ఇసుక, ఉప్పు కలిసి ఏళ్ళ తరబడి రుద్దితే ఆ బుష్ గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేస్తుంది. అప్పుడు చుక్కాని కటకటమని ఆడుతూ ఉంటుంది, బోటు స్పీడందుకుంటే ఆ ఆటే వణుకు కింద మారుతుంది, చేతిలో ఉన్న టిల్లర్ కర్ర దాకా తెలుస్తుంది. చాలామంది చుక్కాని మొత్తం పోయిందనుకుంటారు. పోయింది బుష్ ఒక్కటే.

ఈ బుష్‌లు చేసేటప్పుడు విజయవాడ ఫోన్ చేశా. మా బాబాయ్‌కి ఆటోనగర్లో లేత్ ఉంది, లారీల కింగ్‌పిన్ బుష్‌ల దగ్గర్నుంచి చెరుకు మిషన్ రోలర్ల దాకా తిప్పిన మనిషి. నేను క్యాడ్ డ్రాయింగ్ వాట్సాప్‌లో పెడితే చూడను కూడా చూడలేదు.

"డ్రాయింగ్ ఎందుకురా, పాత పీసు ఫోటో పెట్టు. పక్కన స్కేలు పెట్టి తియ్యి. పిన్నుకీ బుష్‌కీ ఎంత గ్యాపిస్తున్నావ్?"

"పాయింట్ ఒకటి ఎమ్మెమ్ బాబాయ్."

"ఇసుకలో తిరిగేదన్నావుగా, పాయింట్ ఒకటైదు ఇచ్చెయ్. ఇంతకీ దేంతో చేస్తున్నావ్, నైలాన్ రాడ్డేగా? ఇక్కడ కిలోల్లెక్కన దొరుకుద్ది."

"నైలాన్ నీళ్ళల్లో ఉబ్బుద్ది బాబాయ్, డెల్రిన్ తెచ్చా."

ఒక్క క్షణం ఆగి, "అవున్లే, నీది నీళ్ళల్లో తిరిగే బండి కదా" అన్నాడు.

ఇక్కడ నైలాన్ సంగతి చెప్పాలి, ఎందుకంటే అందరికీ మొదట తట్టేది అదే. చవక, గట్టిది, హార్డ్‌వేర్ షాపులో రెడీమేడ్ నైలాన్ బుష్‌లు డబ్బాల్లో ఉంటాయి. కానీ మామూలు నైలాన్ 6 పూర్తిగా నానితే బరువులో 9 శాతం దాకా నీళ్ళు పీల్చుకోగలదు, పీల్చుకున్నాక సైజు పెరుగుతుంది. గ్యారేజీలో పొడిగా ఉన్నప్పుడు వేళ్ళతో తిరిగిన పిన్ను, వారం పాటు బోటు నీళ్ళల్లో ఉన్నాక పట్టేస్తుంది. డెల్రిన్ ఇంకో రకం గట్టి ప్లాస్టిక్, అది ఒక శాతం లోపే పీల్చుకుంటుంది. అందుకే నీళ్ళల్లో తిరిగే చోట డెల్రిన్ అంటారు. జారుడు కూడా బావుంటుంది, గ్రీజు అక్కర్లేదు, అసలు ఇసుక ఉన్నచోట గ్రీజు పెడితే ఇసుకంతా అక్కడే అంటుకుని సాన పట్టేస్తుంది.

డెల్రిన్‌ని లేత్ మీద తిప్పడం హాయిగా ఉంటుంది. టూల్ పదునుగా ఉంటే చాలు, కూలెంట్ అక్కర్లేదు, తెల్లటి పొట్టు పొడుగ్గా రిబ్బన్లలాగ ఊడి వచ్చి చక్ చుట్టూ చుట్టుకుంటుంది, మధ్యమధ్యలో ఆపి తీసెయ్యాలి, తిరుగుతుండగా చేత్తో లాగకండి. ఒక ఇబ్బంది ఉంది. కొయ్యగానే వేడి మీద కొలిస్తే ఒక కొలత, చల్లారాక ఇంకో కొలత. రంధ్రం డ్రిల్లు కొట్టాక కొంచెం మూసుకుంటుంది కూడా, ఆ సైజు డ్రిల్లు బిట్టే దిగింది కదా అని పిన్ను తోస్తే దూరదు. కాబట్టి ముందు చిన్నగా డ్రిల్లు కొట్టి, చల్లారనిచ్చి, ఆఖర్న రీమర్‌తో అసలు సైజుకి తేవాలి. ఇంకోటి, డెల్రిన్ ముక్కల్ని చెత్తతో కలిపి తగలబెట్టకండి, కాలితే ఫార్మాల్డిహైడ్ వస్తుంది, కళ్ళు ముక్కు మండిపోతాయి.

బుష్‌లు అయ్యాక చుక్కాని ఆడటం ఆగింది. ఆగాక తెలిసింది అసలు గొడవంతా క్యామ్‌దని.

క్యామ్ అంటే ఏంటంటే, హోబీ చుక్కాని నేలకి తగిలితే దానంతటదే పైకి లేచిపోవాలి. నేను బోటు నడిపే గాల్వెస్టన్ బే (హ్యూస్టన్ పక్కనే) చూడ్డానికి సముద్రంలా ఉంటుంది గానీ సగటు లోతు రెండు మీటర్ల పైచిలుకే, మధ్యమధ్యలో ఆయిస్టర్ రీఫులు, ఆ పెంకులు కత్తుల్లా ఉంటాయి. చుక్కాని పైకి లేవకపోతే బ్లేడు విరుగుతుంది, లేదా వెనక గోడే ఊడి వస్తుంది. దీనికోసం పై కాస్టింగులో స్ప్రింగుతో తోసే ఒక ప్లంజర్ పెట్టారు, కింద కాస్టింగులో గాడి ఉన్న ప్లాస్టిక్ ముక్క పెట్టారు, అదే క్యామ్. ప్లంజర్ ముక్కు ఆ గాడిలో కూర్చున్నంతసేపు చుక్కాని కిందకి నిలబడి ఉంటుంది, గట్టి దెబ్బ తగిలితే గాడి దాటి జారి పైకి లేస్తుంది. స్ప్రింగ్ ఎంత గట్టిగా తొయ్యాలో వెనకున్న స్క్రూతో పెట్టుకోవాలి. యాభై ఏళ్ళ కిందటి బుర్ర అది, నాకిప్పటికీ చూస్తే ముచ్చటేస్తుంది.

మా కుడి చుక్కాని క్యామ్ పెదవి అరిగిపోయింది. ఏ దెబ్బా తగలకుండానే, కొంచెం గాలి పెరిగి స్పీడొస్తే చాలు, నీళ్ళ ఒత్తిడికే చుక్కాని సగం లేచిపోయేది. సగం లేచిన చుక్కాని పూర్తిగా లేచిన దానికంటే ఘోరం, బ్లేడు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి చెయ్యి లాగేస్తుంది, రెండు చేతులతో పట్టుకున్నా బోటు గాలి వైపుకి తిరిగిపోతుంది.

ఇది "ఒడ్డుకి రావడం కష్టం" కోవలో పార్టు. రెండో చుక్కాని ఉంది కాబట్టి ఎలాగోలా రావొచ్చు. సరే చేసుకుందామని కూర్చున్నా.

అరిగిన పార్టు కాపీ చేస్తే అరిగిన కాపీయే వస్తుంది కదా. అందుకే ఎడమది విప్పా, అది తక్కువ అరిగింది. రెండిటినీ కడిగి, ఇంట్లో కాగితాల స్కానర్ మీద బోర్లించి, పక్కన స్టీలు స్కేలు పెట్టి స్కాన్ తీశా. ఫోన్ ఫోటో కంటే ఇది చాలా నయం, కెమెరాలో అంచులు వంగుతాయి, స్కానర్లో వంగవు. ఆ బొమ్మని క్యాడ్‌లో కింద పరిచి పైన గీసుకుంటూ పోయి, ఎడమ దాంట్లో కూడా అరిగిన చోట వంపుని రెండు వైపులా ఉన్న మంచి భాగం నుంచి పొడిగించి పూడ్చేశా. తర్వాత త్రీడీ ప్రింటర్లో పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో ఒకటి తీసి కాస్టింగులో పెట్టి చూడ్డం, ప్లంజర్ గాడిలో ఎక్కడ కూర్చుంటుందో మార్కర్ పూసి చూడ్డం, కొంచెం మార్చడం, మళ్ళీ ప్రింట్.

ప్రింట్ చేసింది నేరుగా బోటుకి పెట్టేయొచ్చుగా అంటే, పెట్టకూడదు. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది, హ్యూస్టన్ ఎండలో నల్లటి టిల్లర్ పక్కన, కారు డిక్కీలో, ఆ వేడి రావడం ఎంతసేపు. ఏఎస్ఏ అనే ప్లాస్టిక్ ఎండకి తట్టుకుంటుంది, పుల్లీ కవర్లకీ తాళ్ళు పట్టే క్లిప్పులకీ నేనదే వాడతా. కానీ క్యామ్‌కి ప్రతిసారీ ఒకే చోట గుద్దుడు తగులుతుంది, ప్రింట్ పొరలు పొరలుగా వస్తుంది కాబట్టి ఆ గుద్దుడు పొరల మధ్య పడిందంటే చక్కగా విడిపోతుంది. పొరలు అడ్డంగా వచ్చేలా తిప్పి ప్రింట్ చేస్తే కొంత నయమేగానీ ఆ పెదవి దగ్గర నునుపు రాదు. ప్రింట్ కొలత చూసుకోడానికి, డెల్రిన్ బోటుకి, ఇదే నా లెక్క. డెల్రిన్ పలకకి కాగితం అంటించి, బ్యాండ్‌సా మీద గీత బయటే కోసి, మిగతాది ఆకురాయితో దింపా. పెదవి దగ్గర ఆఖర్న నీళ్ళతో వాడే సాండ్‌పేపర్. కొత్త క్యామ్ పెట్టి చుక్కాని దింపితే "టక్" అని ఒక శబ్దం వస్తుంది చూడండి, అది వస్తే ప్లంజర్ పూర్తిగా కూర్చున్నట్టు. రాకపోతే నీళ్ళల్లోకి వెళ్ళకండి.

ఇక పెద్ద పని, చుక్కాని బ్లేడు. దీన్ని గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే పాత హోబీల మీద అందరూ ఏడ్చేది దీనికే. పాత బోట్లకి లెక్సాన్ బ్లేడ్లు వచ్చేవి, పాలీకార్బొనేట్ అన్నమాట. విరగవు, నిజమే, కానీ వంగుతాయి, మంచి గాలిలో వెనక నుంచి చూస్తే అది మెలి తిరగడం కనిపిస్తుంది. దానికి తోడు పాత సెట్టింగులో బ్లేడు కొంచెం వెనక్కి వాలి ఉండేది. చుక్కాని తిరిగే ఇరుసుకి వెనకాల ఎంత బ్లేడు ఉంటే నీళ్ళు అంత బలంగా దాన్ని వెనక్కి నెడతాయి, ఆ బలమంతా మీ చేతి మీదకొస్తుంది. గంటసేపు నడిపితే భుజం పట్టేస్తుంది. బ్లేడు కింది కొనని కాస్త ముందుకి తోస్తే, ఇరుసుకి ముందు కూడా కొంత భాగం వస్తుంది, భారం తగ్గిపోతుంది. తయారైపోయిన బ్లేడుకైతే పాత బోల్టు రంధ్రం పూడ్చి కొంచెం పక్కన కొత్తది కొట్టుకోవాలి. మనమే చేసుకుంటే రంధ్రం ఎక్కడ కావాలంటే అక్కడ.

చెక్క వెస్టర్న్ రెడ్ సీడార్ తీసుకున్నా. తేలిక, చెక్కడం సులువు, ఎపాక్సీ జిగురు బాగా పడుతుంది. ఒకే పలకతో చేస్తే వంకర తిరుగుతుంది. అందుకని సన్నటి బద్దలుగా చీల్చి, ఒకటి ఇటు ఒకటి అటు తిప్పి, ఒక బద్ద వంగాలనుకున్న వైపు పక్కది వంగనివ్వకుండా, ఎపాక్సీతో అతికించా. ఆ పలక మీద ఆకారం గియ్యాలి. ఆకారానికి నేను వాడింది నాకా 0012, విమానాల రెక్కల కోసం అమెరికాలో పరీక్షించి పెట్టిన సెక్షన్లలో ఒకటి. ఆఖరి 12 అంటే వెడల్పులో 12 శాతం మందం, ఆ గరిష్ట మందం ముందు అంచు నుంచి 30 శాతం దగ్గర వస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉంటుంది, చుక్కానికి అదే కావాలి, అటూ ఇటూ తిప్పేదే కదా. కానీ పైభాగం మాత్రం కాస్టింగు గాడిలో దూరాలి, కాబట్టి అక్కడ గాడి ఎంత ఉంటే అంతే, నాకా గీకా ఏం లేదు.

చెక్కడానికి ముందు అల్యూమినియం రేకుతో సగం ఆకారం టెంప్లేట్ కోసుకోండి, పైకోటి, మధ్యలోకోటి, కిందకోటి. చిత్రిక పట్టేటప్పుడు అది ఆనించి, వెనక నుంచి టార్చ్ వేసి, ఎక్కడ వెలుతురు రాట్లేదో అక్కడ గియ్యడం. ముందు అంచు గుండ్రంగా ఉండాలి, జనం కత్తిలా చేస్తే స్పీడొస్తుందనుకుంటారు, అలా చేస్తే చుక్కాని కొంచెం ఎక్కువ తిప్పగానే నీళ్ళ పట్టు తప్పిపోతుంది. వెనక అంచు మాత్రం సన్నగా దించి, ఆఖర్న రెండు మిల్లీమీటర్లు చదునుగా వదిలెయ్యండి. గుండ్రంగా చేస్తే స్పీడులో ఝుమ్మని పాట అందుకుంటుంది, కత్తిలా చేస్తే మొదటి రోజే ఇసుకలో ముక్కలైపోతుంది.

ఎపాక్సీ దగ్గర హ్యూస్టన్ వాతావరణం ఒక శత్రువు. వెస్ట్ సిస్టమ్ 105 రెజిన్, దానికి 209 హార్డెనర్ వాడా, వేడి ప్రాంతాలకి నెమ్మదిగా గట్టిపడేది, మూడు పాళ్ళకి ఒక పాలు. మామూలు 205 అయితే ఐదుకి ఒకటి, ఇక్కడ ఎండాకాలం మధ్యాహ్నం అది కలిపి కప్పులో ఉంచారంటే చూస్తుండగానే పొగలు కక్కి కప్పు కరిగిపోతుంది. గట్టిపడేటప్పుడు దాని వేడి దానికే సరిపోతుంది, కప్పులో కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోదు. కలపగానే వెడల్పాటి ట్రేలోకి ఒంపేసుకుంటే టైమ్ దొరుకుతుంది. ఇంకోటి, గాలిలో తేమ ఎక్కువుంటే ఆరిన ఎపాక్సీ మీద జిగట పొర ఒకటి వస్తుంది, దాన్ని అలాగే సాండ్‌పేపర్ కొడితే లోపలికి తోసేసినట్టే, పైన వేసే రంగు ఊడిపోద్ది. ముందు మంచి నీళ్ళతో గిన్నెలు తోమే పచ్చ పీచు పెట్టి రుద్ది కడగాలి, ఆరాకే సాండ్‌పేపర్. మా ఆవిడ వంటింట్లో పీచులు మాయమవడానికి కారణం ఇదే, ఇప్పుడు విడిగా ఒక ప్యాకెట్ కొనిపించింది.

బోల్టు రంధ్రం గురించి ఒక్క మాట. చెక్కలో నేరుగా రంధ్రం కొట్టి బోల్టు దూర్చకూడదు. చెక్క మీద ఎపాక్సీతో అంటించే ఫైబర్‌గ్లాస్ గుడ్డ పొర దగ్గర నుంచి నీళ్ళు చెక్కలోకి దిగుతాయి, లోపల కుళ్ళిపోతున్నా పైకి కనపడదు. ముందు పెద్ద రంధ్రం కొట్టి, అందులో చిక్కటి ఎపాక్సీ నింపి, అది రాయిలా అయ్యాక దాని మధ్యలో అసలు సైజు రంధ్రం. అప్పుడు బోల్టు ఎపాక్సీకే తగులుతుంది, చెక్కకి కాదు. ఆఖర్న తెల్లరంగు తప్పనిసరి, ఎపాక్సీ చూడ్డానికి అద్దంలా ఎంత బావున్నా ఎండకి పాడవుతుంది. "అంత అందంగా ఉన్న చెక్క మీద రంగేంట్రా" అని మా నాన్న వీడియో కాల్లో బాధపడ్డాడు. బాధగానే ఉంటుంది, ఏం చేస్తాం.

చిన్నాచితకా పార్టులు గబగబా చెప్పేస్తా. మాస్ట్ అడుగున అది తిరగడానికి ఒక తెల్లటి జారుడు బిళ్ళ ఉంటుంది, అరిగితే మాస్ట్ కీచుమంటుంది, దాన్ని గట్టి ప్లాస్టిక్ పలక నుంచి హోల్‌సా పెట్టి కోసుకోవచ్చు. మాస్ట్ పైన పుల్లీ చక్రాలు డెల్రిన్. రెండు చుక్కానుల్ని కలిపే అడ్డ కర్ర చివర్లు కూడా డెల్రిన్. ట్రాంపోలిన్, అంటే ఫ్రేముకి బిగించిన గుడ్డ, ఎండకి కుట్లు చీకిపోయి విడిపోతుంది, గుడ్డ బావుండి కుట్లే పోతే చాలామంది మొత్తం కొత్తది కొనేస్తారు, అక్కర్లేదు, యూవీ తట్టుకునే లావు పాలియెస్టర్ దారం, ఒక దబ్బనం ఉంటే పాత రంధ్రాల్లోంచే మళ్ళీ కుట్టేసుకోవచ్చు. ఇంట్లో కుట్టు మిషన్ జోలికి పోకండి, సూది విరుగుద్ది, ఆ తర్వాత ఇంట్లో గొడవ.

వీటన్నిటికీ ముందు విప్పడం అనే పని ఒకటుంది, నిజం చెప్పాలంటే సగం టైమ్ దానికే పోతుంది. అల్యూమినియం కాస్టింగులో స్టీలు స్క్రూ, మధ్యలో ఉప్పునీళ్ళు, అదొక బ్యాటరీయే. అల్యూమినియం కొంచెం కొంచెం తినేయబడి తెల్లటి పొడి అవుతుంది, ఆ పొడి ఉబ్బి స్క్రూని బిగించేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో బలంగా తిప్పితే తల గుండ్రమైపోతుంది. చొచ్చుకుపోయే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేసి, హీట్‌గన్‌తో వేడి చేసి, ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టి సుత్తితో ఒక్కటివ్వాలి. మంట టార్చ్ వాడకండి, అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, ఇనుములాగ ఎర్రబడి ముందే చెప్పదు, చూస్తూ చూస్తూ ఉండగానే జారిపోద్ది. మళ్ళీ బిగించేటప్పుడు ప్రతి స్క్రూకీ టెఫ్‌జెల్ అనే, ఇలా పట్టెయ్యకుండా ఆపే పేస్టు రాయండి. చిన్న సిరంజి అంత ధరా అనిపిస్తుంది, తర్వాతసారి విప్పేటప్పుడు దండం పెట్టుకుంటారు.

ఇప్పుడు నేను ముట్టుకోనివి. మొదటివి ష్రౌడ్లు, అంటే మాస్ట్‌ని రెండు పక్కలా నిలబెట్టే స్టీలు తీగలు. తీగ కొనుక్కొచ్చి, రాగి స్లీవు పెట్టి, చేతి ప్రెస్సుతో నొక్కి నేనే చేసుకుంటా అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, బాగా చేసేవాళ్ళూ ఉన్నారు, కానీ ఆ నొక్కు లోపల సరిగ్గా పడిందో లేదో బయటికి కనపడదు. స్టీలు ఇంకో మోసం చేస్తుంది, గాలి తగిలే చోట తళతళలాడుతూ, గాలి ఆడని స్లీవు లోపల మాత్రం తుప్పు పడుతుంది. పంతొమ్మిది పోగుల్లో ఒక్క పోగు తెగి ముల్లులా బయటికొచ్చినా ఆ తీగ పనైపోయినట్టే. గుడ్డ తీసుకుని తీగ పొడుగునా తుడవండి, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ పోగు తెగింది. వట్టి వేలితో మాత్రం తడమకండి, చీరుకుపోద్ది.

రెండోది మాస్ట్. మాది పాత మోడలు కాబట్టి కింద నుంచి పై దాకా అల్యూమినియమే. ఇలాంటి మాస్ట్‌లు కరెంటు తీగలకి తగిలి మనుషులు చచ్చిపోయారు, కోర్టు కేసులయ్యాయి, అందుకే 1980ల్లో హోబీ వాళ్ళు మాస్ట్ పై భాగం కరెంటు పారని ఫైబర్‌తో ఇవ్వడం మొదలెట్టారు. మా దానికది లేదు. కొందరు పాత మాస్ట్ కోసి ఫైబర్ గొట్టం సొంతంగా అతికించుకుంటున్నారు, వీడియోలు చూశా, నాకైతే గుండె జారింది. మాస్ట్ లేపే ముందు తలెత్తి చుట్టూ చూడ్డం, లేపాక బోటుని రోడ్డు దాటించకపోవడం, ఇదే నేను చేసేది.

మూడోది మొన్న వచ్చిన తలనొప్పి. ఫ్రేము నాలుగు మూలలా కాస్టింగులుంటాయి, హల్స్ నుంచి పైకి లేచిన స్తంభాల మీద కూర్చుంటాయి, గొట్టాలన్నీ వాటిలోకే వచ్చి రివెట్లతో కలుస్తాయి. ముందు ఎడమ మూలది పగిలింది. వెంట్రుక లాంటి గీత, మొదట ఉప్పు మరక అనుకున్నా, కడిగినా పోలేదు. వెల్డింగ్ చేయించమన్నారు కొందరు. నలభై ఏళ్ళకి పైగా ఉప్పు తాగిన పోత అల్యూమినియం, వెల్డర్ దగ్గరికి పట్టుకెళ్తే ఆయన గ్రైండర్ ఆనించి చూసి, బుడగలొస్తాయి, నేను గ్యారంటీ ఇవ్వను అన్నాడు. నిజాయితీగా చెప్పాడు, సంతోషం.

బాబాయ్ అయితే ఉత్సాహపడిపోయాడు. "పీసు పంపించరా, ఇసుకలో అచ్చు తీసి పోయించి పంపుతా, ఇక్కడ మనకి ఫౌండ్రీ వాళ్ళున్నారు." ఆయనకి చెప్పడం కష్టమైంది. పాత పీసునే అచ్చుగా వాడితే వచ్చేది చిన్నదవుతుంది, అల్యూమినియం గడ్డకట్టి చల్లారేసరికి నూటికి ఒకటీ ఒకటిన్నర దాకా ముడుచుకుంటుంది, గొట్టం దూరే చోట ఆ తేడా చాలు. దాన్ని పూత పూసి లావు చేసి సరిచెయ్యొచ్చు, బాబాయ్ చేస్తాడు కూడా. కానీ పోతలో లోపల గాలి బుడగ ఉంటే ఎక్స్‌రే లేకుండా ఎవరికీ తెలీదు. ఆ మూల విరిగితే ఫ్రేము హల్‌ని వదిలేస్తుంది, తీగలు వదులవుతాయి, మాస్ట్ నిలబడదు. నా లెక్క ప్రకారం ఇది కొనే పార్టే.

కొందామంటే 1978 దానికి సరిపోయేది కొత్తది నాకు దొరకలేదు. అందుకని బోటు కొన్నా. అదే కాలం హోబీ 16, హల్స్ డెక్కు నొక్కితే లోపలికి పోతున్నాయి, నురుగు పొర విడిపోయి మెత్తబడింది, నీళ్ళల్లోకి పనికిరాదు, కానీ ఫ్రేము శుభ్రంగా ఉంది, నాలుగు మూలల కాస్టింగులూ గీత లేకుండా ఉన్నాయి. క్రెయిగ్స్‌లిస్ట్‌లో (పాత సామాన్లు అమ్ముకునే సైటు) అమ్మే పెద్దాయన తనే విప్పడానికి సాయం పట్టాడు, రెండు తెరచాపలు ఊరికే ఇచ్చాడు. ఇంటికి తెచ్చాక మా ఆవిడ బయటికొచ్చి చూసి "ఇంకోటా" అంది, అంతే, లోపలికెళ్ళిపోయింది.

రివెట్లు డ్రిల్లు చేసి పాత మూల తీసి, కొత్త మూల పెట్టి, స్టీలు రివెట్లు టెఫ్‌జెల్ పూసి కొట్టా. స్టీలు రివెట్లకి చేతి గన్ను చాలదు, రెండు చేతుల పొడుగు పిడుల గన్ను కావాలి, అదీ కాస్త బరువున్న ఫ్రెండ్‌ని పిలుచుకోవాలి. ఫ్రేము ఇప్పుడు కదలట్లేదు, మూలగట్లేదు.

మిగిలింది రెండో బోటు హల్స్. మా హెచ్‌ఓఏ, అంటే కాలనీ సంఘం, నుంచి ఉత్తరం వచ్చింది, రోడ్డుకి కనపడేలా బోటు పెట్టకూడదట, ఒక బోటుకి ఇన్నాళ్ళూ ఫెన్స్ అడ్డముంది, రెండోది పైకి కనిపిస్తోంది. కాబట్టి పేర్లాండ్, షుగర్‌ల్యాండ్, కేటీ వైపు ఎవరికైనా ఫైబర్‌గ్లాస్ రిపేరు నేర్చుకోడానికి రెండు హల్స్ కావాలంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తా. ఎపాక్సీ మీరే తెచ్చుకోవాలి. ట్రైలర్ మాత్రం ఇవ్వను, దాని ఇరుసు మాదానికంటే బావుంది.